సైనిక్‌పురి కేసు: కింది ఇంటి సీలింగ్ లైట్లు, పై ఇంటి హామ్ రేడియో

హైదరాబాద్ సైనిక్‌పురిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. పై అంతస్తులో ఉండే పెద్దాయన రిటైరైన ఇంజనీరు. హామ్ లైసెన్సు, అంటే అభిరుచి కొద్దీ రేడియోలో దూరాలకు మాట్లాడుకునే అనుమతి, చాలా ఏళ్లుగా ఉంది. మేడ మీద 40 మీటర్ల బ్యాండుకు (అంటే 7 మెగాహెర్ట్జ్‌కు) ఇన్వర్టెడ్ వీ యాంటెనా తీగ, ఇంట్లో వంద వాట్ల ట్రాన్సీవర్ (పంపడానికీ వినడానికీ ఒకటే రేడియో). ఆయన ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: దీపాలు పెట్టే వేళ నుంచి రాత్రి పదకొండు దాకా 7 మెగాహెర్ట్జ్‌లో మనిషి గొంతు వినపడదు. పగలు ఎస్3, ఎస్4 మధ్య ఆడే సిగ్నల్ బలం మీటరు ముల్లు ఆ వేళకు వెళ్లి ఎస్9 మీద కూర్చుంటుంది.

ఎస్4 నుంచి ఎస్9కి ఐదు మెట్లు. మెట్టుకు 6 డెసిబెల్ చొప్పున 30 డెసిబెల్. నాయిస్ శక్తి వెయ్యి రెట్లు పెరిగిందన్నమాట. విశాఖ నుంచి వంద వాట్లతో పిలిచే మిత్రుడు మునుపటిలాగే వినపడాలంటే లక్ష వాట్లు పెట్టాలి. ఈ లెక్క చెప్పేదాకా ఆయన ఇంట్లోవాళ్లు కూడా ‘కొంచెం గరగర, అంతే కదా’ అనుకుంటున్నారు.

నాలుగో అంతస్తులో కొత్తగా దిగినవాళ్లు ఇంటీరియర్ చేయించుకున్నాకే ఇదంతా మొదలైందని ఆయన అనుమానం. చివరికి అది నిజమే అని తేలింది. కానీ తేలకముందే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘ఫోర్త్ ఫ్లోర్ లైట్ల వల్ల నా రేడియో పనిచేయడం లేదు’ అని పెట్టేశారు. ఇలాంటి నాయిస్ ఎక్కడిదో వెతికి సరిచేసే నన్ను పిలిచేనాటికి ఆ రెండిళ్ల మధ్య లిఫ్టులో పలకరింపులు కూడా లేవు. 1983లో ఏర్పడ్డ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాద్‌లోనే ఉండటం వల్ల ఈ ఊళ్లో హామ్‌లకు కొదవ లేదు. వాళ్లతో పాటే ఇలాంటి తగువులకూ కొదవ లేదు. నాకు ఎక్కువ సమయం పట్టేది అలాంటి మెసేజీ చేసిన డ్యామేజీని సర్దడానికే. నాయిస్‌ను ఆపే ఫెరైట్ (అయస్కాంత గుణమున్న సెరామిక్) రింగుకు తీగ చుట్టడం అరగంట పని.

ముందు సొంత ఇల్లు

ఎవరి తలుపైనా తట్టేముందు ఫిర్యాదు చేసినవారి ఇల్లే చూస్తాను. రేడియోను 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ దించేయాలి. ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది: మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, ఇంట్లో సగం సామాను నడుస్తూనే ఉంటుంది. పైగా ఇన్వర్టర్ సొంత గుర్రు వచ్చి కలుస్తుంది. దాన్నీ పూర్తిగా ఆపాకే పరీక్ష. ఆ సాయంత్రం అలా చేస్తే ముల్లు కాస్త కిందికి కదిలింది. వైఫై రౌటర్ అడాప్టర్ వంతు అంతే. మిగిలినదంతా బయటి నుంచి వస్తున్నదే.

ఈ పరీక్ష ఏ వేళలో చేస్తే ఆ వేళకే జవాబిస్తుంది. సాయంత్రం చేసిన పరీక్షను పొద్దుటికి వర్తింపజేయకూడదు. దాని సంగతి తర్వాత వస్తుంది.

నాయిస్ ముఖం

చెవితో వింటే అన్నీ ఒకేలాంటి బుర్రు. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో బొమ్మగా చూపే వాటర్‌ఫాల్ డిస్‌ప్లే మీద చూస్తే దేని ముఖం దానిదే. కరెంటు స్తంభం మీద ఇన్సులేటర్ దగ్గర నిప్పురవ్వలు లేస్తుంటే నాయిస్ బ్యాండంతా సమంగా పరుచుకుంటుంది, సెకనుకు వందసార్లు కొట్టుకుంటుంది, గాలికీ వానకూ మారుతుంది. అది కరెంటు ఆఫీసు పని. లిఫ్టు డ్రైవ్ నాయిస్ లిఫ్టు కదిలినంతసేపే ఉంటుంది. ఇక్కడ కనిపించింది వేరు: సుమారు 65 కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున వెడల్పాటి గుట్టలు, బ్యాండు ఆ చివర నుంచి ఈ చివరకు. సాయంత్రం మొదలైన మొదటి అరగంట అవి మెల్లగా పక్కకు జరుగుతూ తర్వాత నిలబడతాయి. నాయిస్ పుట్టించే పెట్టె వేడెక్కడం అలా కనిపిస్తుంది.

పక్కపక్క గుట్టల మధ్య దూరమే ఆ పెట్టె స్విచింగ్ ఫ్రీక్వెన్సీ. 65 కిలోహెర్ట్జ్ చూడగానే ఎస్‌ఎంపీఎస్ (కరెంటును వేగంగా వేసి ఆపుతూ వోల్టేజీ మార్చే పవర్ సప్లై) అని అర్థమైంది. డిజైనర్లు ఈ అంకెను ఇష్టపడటానికి ఒక కారణం ఉంది. కరెంటు తీగల మీదికి వచ్చే నాయిస్‌కు సిస్పర్ అనే అంతర్జాతీయ కమిటీ పెట్టిన పరిమితులు ఎక్కువ సామానుకు 150 కిలోహెర్ట్జ్ దగ్గరే మొదలవుతాయి. 65కు రెండో హార్మోనిక్ (రెండో గుణిజం) 130, అంటే బలమైన మొదటి రెండూ గీత కిందే దాక్కుంటాయి. మన 7 మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేది నూటపైచిలుకో హార్మోనిక్. అంత దూరం వచ్చాక కూడా ఎస్9 ఉందంటే లోపల ఫిల్టర్ అనేది అసలు లేదని ఊహించాను.

పెద్దాయనకు ఫ్యాన్ల మీద కూడా గురి ఉంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇంటింటికీ వచ్చాయి. వాటిలోనూ ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది, కొన్ని రేడియోకు నిజంగానే చెడ్డవి. ఫ్యాన్లను లెక్కలోంచి తీసేసింది ఒక ఈదురుగాలి సాయంత్రం. కరెంటు పోయింది. ఇళ్లన్నీ ఇన్వర్టర్ల మీదికి వెళ్లాయి. బ్యాటరీ మీదున్న మా రేడియోలో ఇన్వర్టర్ల కొత్త గుర్రు వచ్చింది, 65 కిలోహెర్ట్జ్ గుట్టలు మాత్రం మాయమయ్యాయి. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను మీద ఉండేవి ఫ్యాన్లు, గదికో ట్యూబ్‌లైటు, రౌటర్, మహా అయితే టీవీ. కాబట్టి దొంగ ఆ జాబితాలో లేదు. సాయంత్రం వెలిగేది, ఇన్వర్టర్ మీద లేనిది, ఇంటీరియర్‌తో వచ్చింది: కోవ్ లైట్లు (ఫాల్స్ సీలింగ్ అంచులో దాచే ఎల్‌ఈడీ స్ట్రిప్పులు), ప్రొఫైల్ లైట్లు, షోకేసు లైట్లు. వీటిలో ఏదో ఒకటి.

తర్వాత జేబు రేడియో పట్టుకుని మెట్ల మీదుగా నడిచాను. మీడియం వేవ్‌లో రెండు స్టేషన్ల మధ్య ఖాళీలో పెట్టి వినాలి. ఈ రేడియో లోపలి ఫెరైట్ కడ్డీ కొన నాయిస్ మూలం వైపు తిరిగితే శబ్దం తగ్గుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మైదానంలో అది నిజం. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో గోడల్లోని ప్రతి తీగా అదే నాయిస్‌ను మళ్లీ వెదజల్లుతుంది, కడ్డీ ఎటు తిప్పినా అబద్ధం చెబుతుంది. అందుకే దిక్కును వదిలేసి బలాన్ని మాత్రమే పట్టించుకుంటాను. నాలుగో అంతస్తులో ఎలక్ట్రికల్ డక్ట్ తలుపు దగ్గర రేడియో అరిచింది. మూడులో తగ్గింది, రెండులో ఇంకా తగ్గింది.

కింద మీటర్ల ప్యానెల్లో నాలుగో అంతస్తు ఎంసీబీ ఒక్క క్షణం దించి చూద్దామని పెద్దాయన అన్నారు. వద్దన్నాను. ఆ ఇంట్లో ఎవరో ఆఫీసు మీటింగులో ఉండొచ్చు, ఆక్సిజన్ మెషీన్ మీద ఒక పెద్దావిడ ఉండొచ్చు. తెలియకుండా ఆపడం తప్పు. తెలిసిపోతే ఆ తలుపు ఇక తెరుచుకోదు.

నాలుగో అంతస్తు తలుపు

పెద్దాయనను పైనే ఉంచి ఒక్కణ్నే వెళ్లాను. ఆ ఇంటావిడ తలుపు సగమే తీసింది.

“అంకుల్ గ్రూపుల అట్ల పెట్టుడు మాకు మంచిగ అనిపించలేదన్నా. మా ఇంట్ల మేం లైట్లు ఏసుకోవద్దా?”

“వేసుకోవాలమ్మా. ఆపమని చెప్పడానికి రాలేదు. మీ ఇంట్లో ఈ మధ్య ఏ సామానన్నా వింతగా చేస్తోందా అని అడుగుదామని వచ్చాను.”

ఆమె ఒక్క క్షణం ఆగింది. “బెడ్ పక్కన టచ్ ల్యాంప్ ఉందన్నా. దానంతటదే ఎలుగుతది, ఆరుతది. సౌండ్ బార్ల ఒక్కోసారి ఎవరో నోట్ల బట్ట కుక్కుకొని మాట్లాడినట్టు వస్తది. కంపెనీవాళ్లు రెండుసార్లు వచ్చి ఏం లేదని పోయిన్రు.”

హామ్‌లు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో పంపిన మాట ఆడియో సర్క్యూట్‌లో దూరితే సరిగ్గా అలాగే వినపడుతుంది. అది పైనున్న అంకుల్ ట్రాన్స్‌మిటర్ వల్లే అని ఉన్నమాట చెప్పేశాను. ఆయన తప్పు చేయడం లేదు, లైసెన్సు ప్రకారమే మాట్లాడుతున్నారు, కానీ ఆ మాట మీ తీగల్లో దూరుతోంది, మీ లైట్ల నాయిస్ ఆయన తీగలో దూరుతోంది, ఒక దారిని మూస్తే రెండోది కూడా చాలావరకు మూసుకుపోతుంది అన్నాను. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

పక్కింటి కేసుల్లో నా పద్ధతి ఇదే. రెండో వైపు బాధ ఏమిటో ముందు అడగాలి. వంద వాట్ల హామ్ స్టేషన్ కింద ఏదో ఒకటి ఉండకపోదు. మన వాదన ఎంత శాస్త్రీయంగా ఉన్నా, అవతలివాళ్ల ఇంట్లో డ్రిల్లు పట్టుకోవడానికి అది సరిపోదు. వాళ్లకూ ఏదైనా బాగవ్వాలి.

జేబు రేడియోను 738 కిలోహెర్ట్జ్‌లో ఆకాశవాణి హైదరాబాద్ మీద పెట్టి ఆమె చేతికే ఇచ్చాను. హాల్లో స్విచ్‌లు ఒక్కొక్కటే వేయమన్నాను. స్పాట్ లైట్లు, ఏమీ లేదు. టీవీ ప్యానెల్ లైటు, కొంచెం. కోవ్ లైటు వేయగానే స్టేషన్ మునిగిపోయింది. ఆపితే మళ్లీ తేలింది. ఆమె నాతో పనిలేకుండా నాలుగైదుసార్లు వేసి ఆపి చూసి, లోపల ఉన్న భర్తను పిలిచి ఆయనకూ చూపించింది. నేను మీటర్లు, గ్రాఫులు తీయలేదు. వాటితో నమ్మిస్తే మన మాట నమ్మినట్టు. సొంత వేలితో స్విచ్ నొక్కి విన్నదాన్ని నమ్మించాల్సిన అవసరమే ఉండదు.

సీలింగ్‌లో

“సీలింగ్ కొయ్యాల్నా అన్నా?” ఇదే వాళ్ల అసలు భయం. కొయ్యలేదు. కోవ్ లైటుకు కరెంటిచ్చే పెట్టె, అంటే డ్రైవర్‌కు దగ్గర్లో ఉన్న స్పాట్ లైటును స్ప్రింగు క్లిప్పులు ఒత్తి కిందికి లాగితే చెయ్యి పట్టే రంధ్రం దొరికింది. ఎలక్ట్రీషియన్ మెయిన్ దించి పెట్టెను బయటికి తీశాడు. 24 వోల్టుల, చిల్లుల రేకు పెట్టె. టెర్మినల్ పట్టీ మీద ఫేజు, న్యూట్రల్ బిగించి ఉన్నాయి, ఎర్త్ స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది. దానికి ఎప్పుడూ తీగ తగిలించలేదు. మూత తీస్తే లోపల బోర్డు మీద ఫిల్టర్ చోక్ (నాయిస్‌ను ఆపే తీగ చుట్ట) కోసం స్థలం, దాని గుర్తు అచ్చు వేసి ఉన్నాయి. చోక్ లేదు. దాని చోట రెండు తీగ ముక్కలు టంకం వేసి ఉన్నాయి. డిజైన్ చేసినవాడు ఫిల్టర్ పెట్టాడు, చవగ్గా తయారుచేసినవాడు తీసేశాడు. ఇలాంటి పెట్టెల మీద బీఐఎస్ నమోదు సంఖ్య ఉండొచ్చు. అది ముఖ్యంగా షాకు, మంటల భద్రతకు సంబంధించింది. లైటింగ్ సామాను రేడియో నాయిస్ సంగతి చూసేది సిస్పర్ 15. కొనేటప్పుడు ఆ మాట కోసం వెతకాలి.

ఆ హాలు 18 అడుగులకు 12 అడుగులు. కోవ్ చుట్టూ తిరిగిన స్ట్రిప్పు 60 అడుగులు, అంటే దాదాపు 18 మీటర్లు. పైన మేడ మీద పెద్దాయన 7.1 మెగాహెర్ట్జ్‌కు కొలిచి కట్టిన తీగ 20 మీటర్లు. ఒకే బ్యాండుకు సరిపోయే రెండు యాంటెనాలు, మధ్యలో రెండు స్లాబులు. పెట్టె సొంతంగా వెదజల్లేది తక్కువ. దాని నుంచి బయటికి పోయే తీగలే ఊరంతా చాటుతాయి: ఒకవైపు స్ట్రిప్పు, రెండోవైపు ఇంటి వైరింగు.

పెద్దాయన నాకంటే ముందే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీకి వెళ్లి సంచి నిండా తీగలకు తొడిగే కోర్లు తెచ్చారు. అందులో సగం పసుపు తెలుపు రంగుల రింగులు, పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండేవి. అవి ఇనుపపొడితో చేసినవి, ఈ పనికి ఎందుకూ కొరగావు. మిగతావి క్లిప్పు కోర్లు. క్లిప్పు కోరును తీగ మీద ఒకసారి బిగిస్తే 7 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే అడ్డు పదుల ఓమ్‌లలోనే. నాయిస్‌కు అది స్పీడ్ బ్రేకర్ కూడా కాదు. అడ్డు చుట్ల సంఖ్య వర్గం లెక్కన పెరుగుతుంది, మూడు చుట్లకు తొమ్మిది రెట్లు. అందుకని మిక్స్ 31 అనే ఫెరైట్ రకం పెద్ద రింగు తీసుకుని పన్నెండు చుట్లు వేస్తాను, ఈ బ్యాండులో వేల ఓమ్‌లు వస్తాయి. ప్లస్, మైనస్ తీగలు రెండూ కలిపి చుట్టాలి. విడిగా చుడితే లైట్ల కరెంటుకే కోరు నిండిపోయి పనిచేయడం మానేస్తుంది. కలిపి చుడితే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలిన నాయిస్‌కు మాత్రమే అడ్డు పడుతుంది.

పాత పెట్టెనే ఉంచి రెండువైపులా రింగులు పెట్టి చూస్తే ఎస్9 కాస్తా ఎస్7 దగ్గర ఆగింది. వినడానికి పనికొచ్చే స్థాయి కాదు. చోక్ లేని పెట్టెను బయటి నుంచి మంచిదాన్ని చేయడం దండగ పని అని నా అభిప్రాయం. మార్చేయమన్నాను. సిస్పర్ 15 అని డేటాషీట్‌లో రాసిన మంచి డ్రైవర్ తెప్పించారు.

దాన్ని పెట్టేముందు ఎర్త్ సంగతి తేల్చాలి. ఇంటీరియర్ పనివాళ్లు సీలింగ్‌లోకి రెండే తీగలు లాగుతారు. కానీ మంచి డ్రైవర్ లోపలి ఫిల్టర్‌లో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి రేకుకు కెపాసిటర్లు ఉంటాయి. వాటిని వై కెపాసిటర్లంటారు. నాయిస్‌ను ఎర్త్‌లోకి దించడం వాటి పని. ఎర్త్ తీగ లేకపోతే నాయిస్‌కు దిగే దారి ఉండదు, పైగా రేకు మీద 230లో సగం, 115 దాకా వోల్టులు తేలుతూ ఉంటాయి. ఫ్రిజ్ హ్యాండిల్, ల్యాప్‌టాప్ మూత ముట్టుకుంటే జివ్వుమనే ఇళ్లలో చాలాచోట్ల కారణం ఇదే. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు దగ్గర ఎర్త్ నిజంగా ఉందో లేదో పరీక్షించాడు. ఉంది. అక్కణ్నించి పచ్చ తీగ ఒకటి సీలింగ్‌లోకి లాగాడు. ఈ సీలింగ్ పనిలో ఎక్కువసేపు పట్టింది ఆ తీగకే. మెయిన్స్ పని ఎలక్ట్రీషియన్‌కే వదలాలి. హామ్‌లకు టంకం వచ్చు కదా అని పక్కింటి సీలింగ్‌లో చెయ్యి పెట్టకూడదు. రేపు ఏ కారణానికి అక్కడ మంట వచ్చినా మన పేరే చెబుతారు.

కొత్త డ్రైవర్, ఎర్త్, రెండువైపులా రింగులు. లైట్లన్నీ వేసి పైకి ఫోన్ చేస్తే ముల్లు ఎస్4 దగ్గర ఉందన్నారు. టచ్ ల్యాంప్ అడాప్టర్ తీగకూ సౌండ్ బార్ తీగలకూ చెరో రింగు చుట్టాం. పెద్దాయన వంద వాట్లతో పిలిచారు, ల్యాంప్ కదలలేదు. సౌండ్ బార్‌లో లీలగా ఏదో మిగిలింది, దాని స్పీకర్ తీగ కురచ చేశాక అదీ పోయింది. ఖర్చంతా పెద్దాయనే పెట్టుకున్నారు. నేనే ముందుగా అలా ఒప్పించాను. చట్టం ఎవరివైపు ఉన్నా, పని మనది అయినప్పుడు డబ్బు కూడా మనదే అయితే పని త్వరగా అవుతుంది.

ఒకవేళ వాళ్లు ఒప్పుకోకపోతే? టెలికాం శాఖ కింద వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది, లైసెన్సు ఉన్న స్టేషన్లకు కలిగే ఇబ్బందిని పరిశీలించడం దాని పనుల్లో ఒకటి. తేదీలు, వేళలు, ఫ్రీక్వెన్సీలు, వాటర్‌ఫాల్ ఫొటోలతో డైరీ ఉంచుకోవడం అందుకే మంచిది. కానీ ఒక ఇంటి సీలింగ్ లైటు మీద ఉత్తరం రాయడం నా లెక్కలో చిట్టచివరి మెట్టు.

పొద్దుటి నాయిస్

కొన్నాళ్లకు పెద్దాయన మళ్లీ ఫోన్. “కిందివాళ్లు మళ్లీ ఏదో పెట్టారోయ్. ఈసారి పొద్దున్నే వస్తోంది. అరగంట ఉండి పోతుంది.” ఫొటో పంపమన్నాను. గుట్టల మధ్య దూరం వేరు, వందకు పైన కిలోహెర్ట్జ్. పాత దొంగ కాదు. కింది ఇంటామెను అడిగితే, ఆ వేళకు ఇద్దరూ ఆఫీసుకు బయల్దేరే హడావుడిలో ఉంటారట, లైట్లేవీ ఉండవు. ఆమె అంతటితో వదల్లేదు. జేబు రేడియో ఒకటి తనే కొనుక్కుంది. “మా ఇంట్ల లేదన్నా, మెట్లెక్కుతుంటే పెరుగుతుంది” అని మెసేజీ పెట్టింది.

పొద్దున వెళ్లి, నాయిస్ ఉన్నప్పుడే పెద్దాయన ఇంటి మెయిన్, ఇన్వర్టర్ ఆపాం. పోయింది. వంటింట్లో ఆర్‌ఓ ఫిల్టర్‌కు గోడకు తగిలించిన 24 వోల్టుల అడాప్టర్. ఇంట్లో ఆంటీ పొద్దున్నే సీసాలన్నీ నింపగానే లోపలి ట్యాంకు తగ్గుతుంది, పంపు మొదలవుతుంది, నిండేదాకా నాయిస్. సాయంత్రం మేం మెయిన్ దించినప్పుడు ట్యాంకు నిండుగా ఉంది, అడాప్టర్ మీద లోడు లేదు. అడాప్టర్ మార్చి, తీగకు ఒక రింగు చుట్టాం.

“ఇప్పుడు పెట్టండి గ్రూపులో” అంది ఆంటీ టీ తెస్తూ. ఆయన నిజంగానే పెట్టారు, కింది ఇంటివాళ్లకు థాంక్స్ కూడా కలిపి.

ఈ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఇప్పుడు మేడ మీద సోలార్ పెట్టే ఆలోచనలో ఉంది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఈ కాలనీల్లో ఎక్కడ చూసినా అదే మాట. హామ్ యాంటెనా పక్కన ప్యానెళ్లు వస్తున్నాయంటే పగటి నాయిస్‌కు రంగం సిద్ధమైనట్టే, ఎండ ఉన్నంతసేపూ సోలార్ ఇన్వర్టర్ నడుస్తుంది, ప్యానెళ్ల డీసీ తీగలు మేడంతా పరుచుకుంటాయి. పెద్దాయన, నాలుగో అంతస్తువాళ్లు కలిసే కమిటీని కలిశారు. కొటేషన్‌లో నా చేత నాలుగు షరతులు రాయించారు: ప్యానెల్‌కు ఒకటి చొప్పున ఆప్టిమైజర్లు (ఒక్కో ప్యానెల్ కరెంటును సర్దే పెట్టెలు) వద్దు, ప్యానెళ్లన్నిటికీ కలిపి ఒకే స్ట్రింగ్ ఇన్వర్టర్ కావాలి. డీసీ ప్లస్, మైనస్ తీగలు పక్కపక్కనే, ఎర్త్ చేసిన లోహపు గొట్టంలో రావాలి. ఇన్వర్టర్‌లోకి వచ్చే డీసీ తీగలకూ, బయటికి పోయే ఏసీ తీగలకూ ఫెరైట్ రింగులు పెట్టాలి. బిగించకముందు ఒక మధ్యాహ్నం, బిగించాక ఒక మధ్యాహ్నం వాటర్‌ఫాల్ రికార్డు చేస్తాం, తేడా వస్తే సరిచేసే బాధ్యత వెండర్‌ది. ఇద్దరు వెండర్లు సరేనన్నారు. మూడోవాడు ఫెరైట్ అంటే ఏమిటని అడిగాడు.